పేరు వేయని పాత్రలోనూ దాలియో

సంపాదకులకు నమస్కారం.

మీ సినిమా పేజీలో హీరోలు, దర్శకుల గురించి బోలెడు రాస్తారు. క్యారెక్టర్ ఆర్టిస్టులకూ కాస్త చోటివ్వండి. ముందుగా ఫ్రెంచి నటుడు మార్సెల్ దాలియో గురించి రాయమని నా విన్నపం.

ఝాన్ రెన్వార్ 1939లో తీసిన 'ద రూల్స్ ఆఫ్ ద గేమ్'లో ఆయన జమీందారు. కొత్తగా కొన్న సంగీత యంత్రాన్ని అతిథులకు చూపించే సీను ఒకటుంది. మాటల్లేవు. కెమెరా ఆ యంత్రం మీద దీపాలతో వెలిగే బొమ్మల మీదుగా జరిగి ఆయన ముఖం దగ్గర ఆగుతుంది. గర్వం, బిడియం, చిన్నపిల్లాడి సంబరం అన్నీ ఒకేసారి! ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఆయన యూదుడు. 1940లో జర్మన్లు పారిస్‌ను ఆక్రమించడంతో భార్య, నటి మాడ్లెన్ లెబోతో దేశం విడిచి లిస్బన్ మీదుగా అమెరికా దారి పట్టారు. అక్కడ ఫ్రాన్స్‌లో 'యూదుడంటే ఇలా ఉంటాడు' అని నాజీలు ఆయన ఫొటోతోనే పోస్టర్లు వేశారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

హాలీవుడ్‌లో దక్కినవి ఎక్కువగా చిన్న వేషాలే. 'కాసాబ్లాంకా'లో జూదశాల ఉద్యోగి ఆయనే. జూదం జరుగుతోందని కేఫ్ మూయిస్తున్న పోలీసు అధికారి చేతిలోనే, అతను జూదంలో గెలిచిన డబ్బు వినయంగా పెట్టేస్తాడు. సినిమాలో పేరు కూడా వేయలేదు. అదే సినిమాలో లెబో కూడా ఉంది.

యుద్ధం ముగిశాక ఫ్రాన్స్ తిరిగొచ్చి దశాబ్దాలపాటు నటించారు. 1983లో కన్నుమూశారు. ఒక ఆదివారం అరపేజీ కేటాయించండి, ఆ సంగీత యంత్రం సీను ఫొటోతో.

ఇట్లు,
మీ పాఠకురాలు