సురభికి ఆలస్యంగా ఒక వీడ్కోలు

ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

నమస్కారం. మీ దూరదర్శన్‌లో 1990 నుంచి 2001 దాకా నడిచిన 'సురభి' అనే హిందీ సాంస్కృతిక కార్యక్రమం గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైందని తెలుసు.

మా తాతయ్యకు సురభి అంటే కడప జిల్లాలో పుట్టిన నాటక సమాజమే. మొదటిసారి టీవీలో ఆ పేరు చూసి హార్మోనియం కోసం ఎదురు చూశారు. వచ్చింది వ్యాఖ్యాతలు సిద్ధార్థ్ కాక్, రేణుకా షహానే. ఆమె నవ్వు చూశాక ఆయనకు ఏ ఫిర్యాదూ లేదు! హిందీ సగమే అర్థమయ్యేది. మిగతా సగం బొమ్మలు చెప్పేవి.

అసలు టెన్షన్ పోస్టుకార్డులది. 1993లో ఒక్క వారంలోనే 14 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చి ఆ కార్యక్రమం లిమ్కా రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. కార్యక్రమంలో అడిగే ప్రశ్నకు, పావలా కూడా పెట్టక్కర్లేని కార్డు మీద జవాబు రాసి పంపేవాళ్లం. ఆ తాకిడికి తపాలా శాఖ పోటీల కోసం 2 రూపాయల కార్డే విడిగా తెచ్చింది. మా చిల్లర డబ్బులకు అదొక దెబ్బ. సురభికి వెళ్లిన ఉత్తరాల్లో నావీ నాలుగైదు ఉంటాయి. బహుమతి మాత్రం రాలేదు లెండి.

తర్వాత చదువుల్లో పడిపోయాం, అది ఎప్పుడు ఆగిందో గమనించలేదు. అందుకే అడుగుతున్నాను. టేపులు మీ దగ్గరుంటే మొదటి భాగం నుంచి చివరిదాకా వరుసగా అందరికీ చూపించండి. హక్కులు నిర్మాతలవైతే వారితో మాట్లాడండి. ఆ చివరి భాగం నేను చూడాలి.

ఇట్లు,
ఒకప్పటి పోస్టుకార్డు ప్రేక్షకుడు