ఆదివారం బీమ్‌లైన్ సిట్టింగ్

అందరికీ నమస్తే. ఈ ఆదివారం పొద్దున 10 గంటలకి, మల్లేశ్వరంలో ఎప్పుడూ కలిసే చోటే. టిఫిన్ చేసి రండి, అక్కడ కాఫీ మాత్రమే.

పని: 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ బీమ్‌ని యూజర్ (దాంతో ప్రయోగం చేసేవాళ్లు) శాంపిల్ దాకా చేర్చే బీమ్‌లైన్, అంటే మాగ్నెట్లు పేర్చిన దారి, గీయడం. సెర్న్ ల్యాబ్‌లోని క్లియర్ అనే ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్‌ది ఇంచుమించు ఇదే ఎనర్జీ.

ముందు యూజర్‌కి ఏం కావాలో రాసుకురండి: స్పాట్ సైజు (శాంపిల్ మీద బీమ్ ఎంత వెడల్పు), బీమ్‌లో ఎంత ఎలక్ట్రిక్ ఛార్జి. మాగ్నెట్లు తర్వాత.

ఒక్క క్వాడ్రుపోల్‌తో (బీమ్‌ని ఫోకస్ చేసే నాలుగు ధ్రువాల మాగ్నెట్) సరిపెట్టకండి. అడ్డంగా ఫోకస్ చేస్తే నిలువునా చెదరగొడుతుంది, అందుకే జంటగానో మూడేసిగానో పెడతారు. చివర కిటికీ (వాక్యూమ్ పైపుని మూసే సన్నటి రేకు) దాటి గాలిలోకి రాగానే బీమ్ పరుచుకుంటుంది. శాంపిల్ దూరంగా పెట్టారో, పడ్డ కష్టమంతా గాలికే!

లాప్‌టాప్‌లో పైథాన్ ఉండాలి. ఛార్జింగ్ ఫుల్‌గా పెట్టుకురండి, అక్కడున్నవి రెండే ప్లగ్గులు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి. థంబ్స్ అప్ చాలు.