అమ్మ ఎక్కగలిగే బండి

జమ్మలమడుగు,
ఆదివారం మధ్యాన్నం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ బదులు రాయలేదని కోపం పెట్టుకోవద్దు. శివరాత్రి ముందు అంగట్లో ఊపిరాడనంత పని. ఫోన్లో చెబ్దామంటే నువ్వు షెడ్డులో ఉంటావు, గ్రైండరు మోతలో సగం వినపడదు. నాకేమో గండికోట కాడ చూసిన ఒక బండి సంగతి మొదట్నుంచి చివరిదాకా, నువ్వు నడుమ అడ్డం రాకుండా చెప్పాల. అందుకే కాగితం పట్టినా.

ఇంట్లో అందరూ బాగుండారు. పెద్దోడికి పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చినాయి. బుడ్డశనగ ఈసారి ఫర్వాలేదు. మీ వదిన అడిగినట్టు రాయమంది. అమ్మ సంగతి ముందుకు పోయేకొద్దీ వస్తాది.

ఇంగ విను. మొన్న సందకాడ అంగడి మూసే యాళకు గండికోట నుంచి ఫోను. ఆడ గుడారాలు అద్దెకిచ్చే పిల్లోడు. "అన్నా, ఈడికి ఎవురో పెద్దోళ్లు బండేసుకోని వచ్చినారు. బండిలోనే వంటా, పడకా అంతా. దాంట్లో ఫ్రిజ్జు ఆగిపోయింది. ముసిలాయన శానా గాబరా పడతాండాడు, రవంత వస్తావా?" అన్నాడు. వోల్టుల మీటరు, తీగ కొసలకు తొడిగే లగ్గులు నాలుగు, వాటిని నొక్కే క్రింపింగు ప్లయరు సంచిలో ఏసుకోని బయల్దేరినా. పదైదు కిలోమీటర్లే గదా.

కోటకు ఇవతల ఖాళీ జాగాలో నిలబెట్టినారు. ట్రావెలర్ వ్యాను చాసిస్, అంటే అడుగు చట్రం, మీద కట్టిన కారవాను. నువ్వుంటే ముందు బాడీ చుట్టూ తిరిగి తట్టి చూసేవాడివి, నాకు తెలుసు. నీ బదులు నేనే తట్టినా. డొల్ల మోత రాలేదురా! రేకుకూ లోపలి పలకకూ నడుమ మందంగా ఫోము నింపినారు. పక్కనుంచి చుట్ట మాదిరి ఉండే పందిరి బయటికి లాగి రెండు కాళ్ల మీద నిలబెట్టినారు, దాని నీడన కుర్చీలు. పైన నాలుగు సోలారు పలకలు, ఒక్కోటి 100 వాట్లు. తలుపు తీస్తే మెట్టు దానంతటదే జరుక్కుంటా బయటికొచ్చింది. అమ్మో అనుకున్యా. తలుపు మూస్తే మళ్లీ లోపలికి పోయింది.

పెద్దాయనకు డెబ్బై దాటింటాయి. బెంగుళూరు నుంచి వచ్చినారు, మొగుడూ పెండ్లామూ ఇద్దరే. కన్నడం కలిసిన తెలుగు. ఫ్రిజ్జులో కూరగాయలేవో పాడైతాయని కాదు ఆయన గాబరా. ఆయమ్మకు ఇన్సులిన్. కొత్త సీసాలన్నీ దాంట్లోనే ఉండాయి. 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉండాల్సిన మందు. అది విన్యాక నాకు చేతులు నిలవలేదు. మన ఇంట్లో కూడా అదే సీసా గదా.

నువ్వు నవ్వుకుంటావేమో గానీ, ఈ పని వివరంగా రాయకుండా ఉండలేను. ఆ ఫ్రిజ్జు మనిండ్లలో దాని మాదిరి 230 వోల్టులది కాదు. నేరుగా 12 వోల్టుల మీద తిరిగే కంప్రెసరు. ఇన్వర్టరు నడుమ లేదు కాబట్టి కరెంటు దండగపోదు. బ్యాటరీ కాడ మీటరు పెడితే 13.2 వోల్టులు. మంచిగా ఉంది. అదే ఫ్రిజ్జు కాడ పెట్టి, కంప్రెసరు మొదలయ్యే క్షణం చూస్తే ముల్లు 10 కిందికి పడిపాయ. ఆ ఫ్రిజ్జులు సుమారు 10.4 వోల్టుల దగ్గర తమంతట తామే ఆగిపోతాయి, బ్యాటరీ చచ్చిపోకుండా కాపాడేదానికి. అంటే బ్యాటరీకి రోగం లేదు, ఫ్రిజ్జుకు రోగం లేదు, ఆ రెండిటి నడుమ యాడో కరెంటు చిక్కుకుంటాంది.

సీటు కింద పలక ఎత్తి, టార్చిలైటు నోట్లో పెట్టుకోని తీగ ఎంబడి పోయినా. నెగటివు తీగలన్నీ ఒకచోట చేరే ఇత్తడి పట్టీ ఉంది. దాంట్లో ఒక లగ్గు తాకితే వేడి. దాని మీది స్లీవు, అంటే ప్లాస్టిక్ తొడుగు, తేనె రంగుకు తిరిగి ముడుచుకోనుంది. నట్టు వేలితోనే తిరిగిందిరా! ఎవురు బిగించినారో గానీ స్ప్రింగు వాషరే ఏయలేదు. ఘాటు రోడ్లల్లో అదురుకు వదులైపోయింది. మాడిన కొస కత్తిరించి, కొత్త లగ్గు గట్టిగా నొక్కి, వాషరేసి బిగించినా. ఫ్రిజ్జు 'గుయ్' అనింది. ఆయమ్మ దండం పెట్టింది. నేను ఆమె చేతులు పట్టుకోని కిందికి దించినా.

12 వోల్టుల పనిలో ఇదే కీలకం, బాగా గుర్తుపెట్టుకో, ఏంటికో కింద చెప్తా. మనింట్లో 1000 వాట్ల సామాను నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటే, 12 వోల్టుల మీద అదే సామాను 80 ఆంపియర్లు దాటి లాగుతాది. తీగ సన్నమైనా, లగ్గు వదులైనా కాలిపోతాది. అందుకే తీగ లావుండాల, బ్యాటరీకి ఆనుకోనే ఫ్యూజుండాల.

పనైనాక దుడ్లు తీసుకోనన్యా. పెద్దాయన ఒప్పుకోలేదు, అయితే బండంతా చూపించండి సార్ అన్యా. ఇంగ చూడు ఆయన ముఖం! చిన్నపిల్లోడు బొంగరం చూపించినట్టు ఒక్కొక్కటీ తెరిచి చూపించినాడు.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేటు, 200 ఆంపియర్ అవర్లు. నేను రోజూ మోసే, ఇండ్లల్లో ఇన్వర్టర్లకు పెట్టే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులరు బ్యాటరీ 50 కిలోల పైమాటే, నీ నడుము కూడా ఒకసారి పట్టేసింది గదా. ఈ జాతి బ్యాటరీ 100 ఆంపియర్ అవర్లది పది పన్నెండు కిలోలు, అంతే. ట్యూబులరును సగానికి మించి వాడితే ఆయుస్సు తగ్గుతాది. దీన్ని 80 శాతం దాకా వాడుకున్యా వేలసార్లు ఛార్జి చేయొచ్చు. బండి నడిచేటప్పుడు ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు నుంచి కూడా ఛార్జి అయితాది, కానీ నేరుగా కలపలేదు. నడుమ కరెంటును అదుపులో పెట్టే డీసీ-డీసీ ఛార్జరని ఒక డబ్బా పెట్టినారు. లిథియం ఆకలి పెద్దది, అడ్డు లేకుంటే ఆల్టర్నేటరును కాల్చేస్తాది. ఇది నాకు పుస్తకంలో తెలిసిందే గానీ బిగించిన బండి చూడడం ఇదే మొదలు.

మన ఎండకు ఆ 400 వాట్ల పలకలు దినానికి సుమారు ఒకటిన్నర యూనిట్లు ఇస్తాయి. పక్కన మైలవరం కాడ సోలారు పార్కు పెట్టుకున్నోళ్లం, ఎండ గురించి మనకొకరు చెప్పాల్నా! ఫ్రిజ్జూ, ఫ్యాన్లూ, లైట్లూ, నీళ్ల మోటారూ, ఫోన్లూ, అన్నిటికీ అది చాలు. ఏసీకి చాలదు. ఒక టన్ను ఏసీ వేస్తే ఆ బ్యాటరీ రెండు గంటలకే చేతులెత్తేస్తాది. దానికి బయటనుంచి కరెంటు వైరు తగిలించాల్సిందే. పైన కప్పులో మాత్రం ఒక ఫ్యానుండాది. లోపలి వేడి బయటికి లాగుతాది, తిప్పితే బయటి గాలి లోపలికి తోస్తాది, చినుకు పడితే మూత అదే మూసుకుంటాది. నాకు ఏసీ కన్నా ఇదే నచ్చింది.

ముందు సీట్లు రెండూ వెనక్కి తిరుగుతాయి. తిప్పుకుంటే నలుగురు కూర్చుండి అన్నం తినొచ్చు.

వంటకు ఇండక్షను, పక్కన చిన్న గ్యాసు పొయ్యి. గ్యాసు కారితే అరిచే డబ్బా నేలకు జానెడు ఎత్తులోనే పెట్టినారు. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందనే పారుతాది. ఎవురో బుద్ధిగా ఆలోచించి పెట్టినారు. కొళాయి తిప్పితే మోటారు అదే మొదలైతాది, కట్టేస్తే ఆగిపోతాది. ట్యాంకులో నీళ్లెన్ని, వాడిన నీళ్లెన్ని, బ్యాటరీ ఎంత, టైర్లల్లో గాలెంత, అన్నీ ఆయన ఫోన్లోనే కనపడతాయి. అమెరికాలోనైతే బండి ఆగినాక గోడే బయటికి జరిగి గది పెద్దదైతాదంట, నాలుగు జాకీలు దిగి బండిని అవే మట్టం చేస్తాయంట. ఇండియానాలో ఎల్‌ఖార్ట్ అనే ఊరు ఈ బండ్లకే పేరంట. మన దిక్కు కేరళ వాళ్లు 2021లో కారవాన్లకని పాలసీ తెచ్చి, వాగమన్‌లో పార్కు కూడా తెరిచినారని పెద్దాయన చెప్పినాడు. గోడలు జరిగే బండి మన పల్లె దావలకు పనికిరాదని నా లెక్క. తిరిగే భాగాలు ఎన్నుంటే దుమ్ము పట్టి అన్ని రిపేర్లు.

ఇదంతా ఒక ఎత్తు రమణా. ఇప్పుడు రాసేది ఒక ఎత్తు.

చేతులు కడుక్కోమని ఆయమ్మ వెనకాల సన్నటి తలుపు తీసింది. మూడడుగుల జాగా. కుర్చీ ఎత్తు కమోడు, చేతి షవరు, గోడకు పట్టుకోని లేచేదానికి స్టీలు కడ్డీ. కమోడు కింద మూత పక్కకు జరుగుతాది, దాని కింద 20 లీటర్ల లోపు పట్టే పెట్టె. నీలం మందు పోస్తారు, వాసన రాదు. నిండితే ఎర్రలైటు. బయటినుంచి చిన్న తలుపు తీసి, ఆ పెట్టెను చక్రాల మీద లాక్కోని పోయి మరుగుదొడ్లో పారబోసి కడుక్కుంటే అయిపాయ. "ఇది లేకపోతే నేను ఇల్లు కదలను నాయనా, నాకు గంటకొకసారి కావాల" అనింది ఆయమ్మ, సిగ్గుపడకుండా, నాకు తల్లి మాదిరి.

ఆ కడ్డీ పట్టుకోని అట్లే నిలబడిపోయినా.

అమ్మ ప్రొద్దుటూరు పెళ్లికి పోవాల్నన్నా ముందునాడు సందకాడ్నుంచే నీళ్లు మానేస్తాది. షుగరున్న మనిషి! "దావలో యాడ దిగేది నాయనా" అంటాది. మోకాళ్లు వంగవు, బస్టాండు దొడ్లు మనకు తెలియంది కాదు. కారు మాట్లాడతానంటే "కారైతే మాత్రం?" అనింది. శ్రీశైలం మొక్కు నాయన ఉన్నప్పటిది. నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల, ఆడ్నుంచి అడవి. రాత్రి 9 దాటితే ఆ అడవి గేటు కూడా మూసేస్తారు. ఈ శివరాత్రికీ టీవీలోనే చూసింది. ఓపికుంది, ఆశ ఉంది. లేంది దావలో ఒక దొడ్డి. ఎంతమంది ముసిలోళ్లు ఇట్లా ఇండ్లల్లో ఉండిపోయినారో, మన ఊర్లోనే లెక్కపెట్టు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఏమీ అనలేదు. పొద్దున్నే కాఫీ ఇస్తా అడిగింది, "ఆ కడ్డీ గట్టిగా ఉండాదా?" అని.

కాబట్టి నువ్వు రావాల. పాత ట్రావెలరు ఒకటి కడపలో అమ్మకానికుంది, ఇంజను బాగుందంటాండారు. ఆటోనగర్లో ఇన్నేండ్లు బాడీలు కట్టినోడివి నువ్వు, వైరింగు, బ్యాటరీ, సోలారు నావి. మనకు టచ్ స్క్రీనులొద్దు, రంగు లైట్లొద్దు. ఎత్తు తక్కువ మెట్టు, తిరిగే సీటు ఒకటి, పడక, ఫ్రిజ్జు, ఫ్యాను, ఆ దొడ్డి. మనమిద్దరం కలిసి బండి కట్టేది ఇట్లా కుదురుతాదని ఎవురనుకున్నారు!

ఒక చిక్కుంది, దాచను. మనిష్టానికి సీట్లు పీకి మంచాలు బిగిస్తే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి మారిస్తే ఆర్టీవో అనుమతి కావాల. మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రమాణం కూడా ఉంది. మీ షెడ్డులో కాగితాలు చూసే ఆయన ఉన్నాడు గదా, మీసాల ఆయన, ఆయన్ను కదిలించు. పాత బండికి ఇస్తారా, కొత్త చాసిస్సే కావాల్నా, అది ముందు తేలాల. దుడ్ల మాట తర్వాత. మీ వదిన గాజులు ఇస్తానంటాంది, నేను వద్దన్యా, నువ్వు కూడా ఆ మాట ఎత్తొద్దు.

ఇంగా చానా ఉంది. నీళ్ల ట్యాంకు యాడ పెట్టాల్నో బొమ్మ గీసినా, వెనక ఇరుసుకు ముందే ఉంటే బరువు సమంగా పడతాది అని నా ఆలోచన, కానీ నువ్వు చాసిస్ చూసి చెప్పాల, ఏంటికంటే దొడ్డి పెట్టె బయటికి లాగే తలుపు కూడా ఆ పక్కనే

బోరు మోటారు ప్యానలు కాలిందని ట్రాక్టరేసుకోని వచ్చినారు, బయట అరుస్తాండారు. బొమ్మ ఇదే కవర్లో పెడతాండా. లోపలి ఎత్తు ఎంత రావాల్నో రాయి, అమ్మ అయిదడుగులు, నేను అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. బిన్నా రాయి.

నీ
సుబ్బు