అమ్మ మాటను డాక్టర్ దాకా చేర్చినవాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఈ పోస్టు ముందు అమ్మకు చదివి వినిపించాను. ఇందులో ఆవిడ సొంత విషయాలున్నాయి. "రాయి నాన్నా, ఇంకో ఆడమనిషికి పనికొస్తుంది" అంది. అందుకే పెడుతున్నాను.

అమ్మ అమెరికాలో మా దగ్గరే ఉంటోంది. ఇంగ్లీషు రాదు. ఈ ఏడాది ఆవిడకు గర్భసంచి తీసేసే ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు కోలుకుంది, ఇంట్లో తన పనులు తనే చేసుకుంటోంది. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారికి, వార్డులో కంటికి రెప్పలా చూసుకున్న నర్సులకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. అయితే ఈ రోజు ముఖ్యంగా ఆ ఆస్పత్రి భాషా సహాయ విభాగానికి, అమ్మకు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్న ఆవిడకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. తన పేరు రాయొద్దని ఆవిడ కోరారు కాబట్టి రాయడం లేదు.

అంతకుముందు అమ్మను చూపించిన ఒక క్లినిక్‌లో ఇంటర్‌ప్రెటర్ ఊసే రాలేదు. కొడుకు పక్కన ఉన్నాడు కదా, అతనే చెబుతాడు అన్నట్టు మాట్లాడారు. డాక్టర్ నన్నడిగేవారు, నేను అమ్మనడిగేవాణ్ని. నీరసంగా ఉంది, నడుం లాగుతోంది అని మాత్రమే చెప్పేది. దానికి తగ్గట్టే మందులు రాసిచ్చారు. ముట్లు ఆగిపోయి ఏళ్లు గడిచాక మళ్లీ రక్తం కనిపిస్తోందని ఏ తల్లి కొడుకు నోటితో డాక్టర్‌కు చెప్పించుకుంటుంది?

ఈ ఆస్పత్రిలో మొదటి రోజే వివరాలు రాసుకునే నర్సు, అమ్మకు ఏ భాషలో మాట్లాడటం సౌకర్యమని అడిగారు. నేను చెబుతానులెండి అన్నాను. "మీరు పక్కన కూర్చుని ధైర్యం చెప్పండి, మాటల సంగతి ఇంటర్‌ప్రెటర్ చూసుకుంటారు" అని చక్రాల స్టాండ్ మీదున్న వీడియో స్క్రీన్ తెచ్చి పెట్టారు. తెరమీదకు ముందు ఒకాయన వచ్చారు. మంచి తెలుగే, ఎంతో మర్యాదగా మాట్లాడారు. కానీ అమ్మ తల దించుకుని పొడిపొడిగా జవాబిస్తోంది. అది గమనించిన నర్సు, ఆడవాళ్లయితే బాగుంటుందా అని అమ్మనే అడిగించారు. అమ్మ తలూపింది. కాసేపట్లో నేను మొదట చెప్పిన ఇంటర్‌ప్రెటర్ ఆవిడ లైన్‌లోకి వచ్చారు. నన్ను కొద్దిసేపు బయట కూర్చోమన్నారు.

అన్ని నెలలుగా దాచుకున్నదంతా అమ్మ ఆ గదిలో చెప్పేసింది. వెంటనే స్కానింగ్, ఆ తర్వాత బయాప్సీ చేశారు. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్, తొలి దశలోనే దొరికింది. ముట్లు పూర్తిగా ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనబడినా పరీక్ష చేయించుకోవాల్సిందేనని డాక్టర్ గారు చెప్పారు. చాలాసార్లు దానికి కారణం క్యాన్సర్ కాకపోవచ్చు, కానీ కాదని తేల్చుకోకుండా వదిలేయకూడదు. ఇది చదువుతున్న అమ్మలకు, అత్తలకు, పిన్నులకు ఈ ఒక్క విషయం చేరినా అమ్మ కోరిక తీరినట్టే.

ఆ ఇంటర్‌ప్రెటర్ గారి పనితీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మొదటి నిమిషంలోనే, ఇక్కడ వినబడిన ప్రతి మాటా రెండు వైపులా చెబుతానని, ఏదీ కలపనని, తగ్గించనని, ఈ గది దాటి బయటకు పోదని అమ్మకు చెప్పారు. డాక్టర్ స్క్రీన్ వైపు చూడకుండా అమ్మ కళ్లలోకే చూస్తూ మాట్లాడారు. అమ్మ "నాకు భయంగా ఉంది" అంటే ఆవిడ కూడా ఇంగ్లీషులో "నాకు భయంగా ఉంది" అనే అన్నారు, "ఈమెకు భయమట" అనలేదు. అర్థం కానిచోట, ఇంటర్‌ప్రెటర్‌కు ఒక సందేహం అని ఇద్దరికీ చెప్పి మరీ అడిగారు. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు అమ్మ ఆవిడనే సూటిగా "నువ్వయితే చేయించుకుంటావా తల్లీ?" అని అడిగింది. సలహా ఇవ్వడం చాలా తేలిక. ఆవిడ ఇవ్వలేదు. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు డాక్టర్ ముందు పెట్టారు. డాక్టర్ గారు కుర్చీ దగ్గరకు లాక్కుని, చేయించుకుంటే ఏమిటి, చేయించుకోకపోతే ఏమిటి అన్నది నిదానంగా చెప్పారు. ఆ తర్వాతే అమ్మ సరేనంది. ఆ నిర్ణయం పూర్తిగా అమ్మది.

ఆపరేషన్ రోజు ఆవిడ స్వయంగా వచ్చారు. సంతకం పెట్టాల్సిన కాగితమంతా తెలుగులో చదివి వినిపించారు. అండాశయాలు కూడా తీసేస్తారా, ఎందుకని అమ్మ తనంతట తానే అడిగింది. ఇంటికి పంపే ముందు నర్సు "అర్థమైందా?" అని అడిగి ఊరుకోలేదు. ఏం చేయాలో, ఏం చేయకూడదో అమ్మ మాటల్లోనే తిరిగి చెప్పించుకున్నారు. బరువులెత్తకూడదు, జ్వరమొచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా, కాలు వాచినా వెంటనే ఫోన్ చేయాలి. అమ్మ అన్నీ గడగడా అప్పజెప్పింది. చేతికిచ్చిన జాగ్రత్తల కాగితం కూడా తెలుగులోనే ఉంది. కంప్యూటర్ అనువాదాన్ని తెలుగు తెలిసిన మనిషి సరిచూసి దిద్దారట. ఆ కనబడని మనిషికి కూడా నా దండాలు.

ఇంత మంచి సాయానికి మా దగ్గర ఒక్క డాలర్ కూడా తీసుకోలేదు. ఇది ఆ ఆస్పత్రి మంచితనం, అదే సమయంలో రోగి హక్కు కూడా. 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 6, 2010 అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లోని సెక్షన్ 1557 ప్రకారం, ఫెడరల్ నిధులు అందుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు ఉచితంగా భాషా సహాయం ఇవ్వాలి. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల డబ్బు తీసుకునే ఆస్పత్రులన్నీ ఇందులోకే వస్తాయి. వెంట ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చుకోమని అనకూడదు. అత్యవసరమైతే తప్ప మైనర్ పిల్లల చేత చెప్పించకూడదు. ఈ విషయంలో 2000 నాటి అధ్యక్ష ఉత్తర్వు 13166ను 2025 మార్చిలో రద్దు చేశారు. అది చూసి కొందరు హక్కే పోయిందనుకుంటున్నారు. పోలేదు, ఆ రెండు చట్టాలూ అలాగే ఉన్నాయి.

ఇంట్లోవాళ్లు ఉండగా ఇంకొకరెందుకు అనేవాళ్లకు ఒక అధ్యయనం గురించి చెప్పాలి. 2003లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు పిల్లల్ని చూపించుకోవడానికి వచ్చినప్పటి సంభాషణలు రికార్డు చేసి చూస్తే, ఒక్కో సందర్శనలో మాటల అనువాదంలో సగటున 31 తప్పులు దొర్లాయి. వైద్యం మీద ప్రభావం చూపగల తప్పుల వాటా, ఆ పని కోసం నియమించిన ఇంటర్‌ప్రెటర్ల విషయంలో 53 శాతం ఉంటే, అప్పటికప్పుడు దొరికినవాళ్ల విషయంలో 77 శాతం. నియమించినవాళ్ల దగ్గర కూడా సగానికి పైనే ఉందంటే, ఈ పనికి శిక్షణ ఎంత అవసరమో ఆలోచించండి. మా ఇంటర్‌ప్రెటర్ గారి నేర్పు వెనక ఎంత చదువు, ఎంత సాధన ఉన్నాయో నాకు అప్పుడు తెలిసింది.

ఏం మెరుగుపరచమంటారని ఆస్పత్రివాళ్లు అడిగితే మేము దాచకుండా చెప్పాం. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే అంతా ఇంగ్లీషే, అమ్మ ఒంటరిగా ఆ మెనూ దాటలేదు. యాప్‌లో వచ్చే మెసేజ్‌లు కూడా అంతే. భాషా సహాయ విభాగం కోఆర్డినేటర్ స్వయంగా ఫోన్ చేసి, అమ్మ రికార్డులో "తెలుగు, మహిళా ఇంటర్‌ప్రెటర్" అని చేర్చామని, ఇకపై ప్రతి అపాయింట్‌మెంట్‌తో పాటే ఇంటర్‌ప్రెటర్‌ను కూడా బుక్ చేస్తామని చెప్పారు. నేరుగా విభాగానికే వెళ్లే ఒక నంబర్ ఇచ్చారు. దానికి ఫోన్ చేసి "తెలుగు" అని లైన్‌లో ఉంటే చాలట. యాప్ సంగతి ఇంకా తేలలేదు, కానీ అడుగుతూనే ఉంటాం.

మీ అమ్మానాన్నలకు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. ఆడవాళ్లు కావాలంటే అదీ అడగండి, మొహమాటపడొద్దు. కుదిరినంతవరకు చూస్తారు.

ఆ రోజు అమ్మ తల దించుకోవడాన్ని గమనించిన నర్సు గారికి, తెలుగు కాగితం దిద్దినవారికి, కోఆర్డినేటర్ గారికి, మా ఇంటర్‌ప్రెటర్ గారికి పేరుపేరునా చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వచ్చే చెకప్‌కు కూడా ఆవిడే వస్తున్నారని మెసేజ్ వచ్చింది. డాక్టర్‌ను అడగాల్సినవన్నీ అమ్మ అప్పుడే ఒక కాగితం మీద రాసుకుంటోంది.