'తరగతిలో అల్లరి' : విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. ఇంగ్లిష్ పీరియడ్‌లో పిల్లల చేత మాట్లాడించే ఆటల విషయమై ఇదివరకు రెండు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏది పరిష్కారమైందో నేటికీ తెలియక, ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నా తొమ్మిదో తరగతిలో 52 మంది పిల్లలున్నారు. 45 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరినీ లేపి ఇంగ్లిష్‌లో మాట్లాడిస్తే తలకు నిమిషం కూడా రాదు, అదీ హాజరు తీసుకోకుండా ఉంటే. అందుకే ఆటలు ఆడిస్తాను. ఒకే సంత బొమ్మను చిన్న చిన్న తేడాలతో రెండు రకాలుగా గీసి, జంటలో చెరొకటి ఇస్తాను. ఎదుటివారి బొమ్మ చూడకుండా, ఇంగ్లిష్‌లో అడిగి మాత్రమే తేడాలు పట్టుకోవాలి. ఏడాదంతా 'ఎస్ మేడమ్' తప్ప పెదవి విప్పని ఒక అమ్మాయి ఆ రోజు 'వేర్ ఈజ్ ద గోట్?' అని అడిగింది. బండి కింద ఉందని జవాబు రాగానే 'నో గోట్! మై కార్ట్ నో గోట్!' అంటూ బెంచీ మీద చరిచింది. వ్యాకరణం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ నోరు తెరుచుకుంది గదా.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి లోపలికి వచ్చారు. 26 జంటలు ఒకేసారి మాట్లాడుకుంటే గది కూడా సంతలాగే ఉంటుంది, కాదనను. వారు ఏ పిల్లనూ ఏమీ అడగలేదు. వర్క్‌బుక్‌లు తెప్పించి, ఆనాటి పేజీ ఖాళీగా ఉండటం చూసి, తనిఖీ పుస్తకంలో 'తరగతిలో అల్లరి, రాతపని లేదు' అని రాసి, నాకు సంజాయిషీ నోటీసు ఇప్పించారు. విచిత్రమేమిటంటే, ఈ బొమ్మల ఆటను నాకు చెప్పింది తమ శాఖ పెట్టిన శిక్షణలోనే. అక్కడ మేము ఆడలేదనుకోండి. తెర మీద స్లైడ్లు చూస్తూ ఆటల పేర్లు నోట్సులో రాసుకున్నాం. బహుశా అదే సరైన పద్ధతేమో. నిశ్శబ్దంగా మాట్లాడించడం ఎలాగో వచ్చే శిక్షణలో చెప్పిస్తే, ఎవరినీ నొప్పించకుండా నడుచుకుంటాను.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆంగ్ల మాధ్యమం జీవో, 2023లో టోఫెల్ అనే ఇంగ్లిష్ సామర్థ్య పరీక్ష కోసం ఒప్పందం, తర్వాత అదీ అటకెక్కడం తమకు తెలియనివి కావు. వచ్చిన ప్రతి ప్రభుత్వమూ మా పిల్లలు గలగలా ఇంగ్లిష్ మాట్లాడాలనే అంటుంది. పదో తరగతి ఇంగ్లిష్ పరీక్షలో మాత్రం 100 మార్కులూ చేతిరాతకే. నోటికి ఒక్క మార్కూ లేదు. మార్కు రాని పనికి పీరియడ్ ఎందుకు పాడుచేస్తారని ప్రధానోపాధ్యాయులు అడిగితే ఏం చెప్పాలి? తోటివారు ఒక్కొక్కరే ఆటలు మానేసి, గైడులోని జవాబులు బోర్డు మీద రాసి ఎక్కించుకోమనే దారికి వచ్చేశారు. వారిని తప్పు పట్టలేను. వారి తనిఖీ పుస్తకాలు శుభ్రంగా ఉన్నాయి.

చార్టులు, రంగు పెన్సిళ్లు నేనే కొనుక్కుంటాను, వాటికి డబ్బు అడగడం లేదు. వారానికి రెండు పీరియడ్లు వర్క్‌బుక్ లెక్క అడగకుండా మాటలకు వదిలిపెట్టండి. తనిఖీకి వచ్చేవారిని పుస్తకం తెరిచే ముందు ఒక్క పిల్లతోనైనా రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడమనండి. నా సంజాయిషీకి గడువు శనివారంతో ముగుస్తుంది. అందులో ఏమని రాయాలో తమరే సెలవివ్వాలి. ఆ అమ్మాయి మాత్రం సంత బొమ్మ మళ్ళీ ఎప్పుడు ఇస్తారని రోజూ అడుగుతోంది, తెలుగులోనే.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆంగ్ల ఉపాధ్యాయురాలు