మిస్సింగ్ కొడితే కాయిల్ కొనేయడమేనా?

సికింద్రాబాద్

ఒరేయ్ శీనూ,

బోనాలు నెత్తిమీదికొచ్చాయి, నీ టెంట్ హౌస్ జనరేటర్ లోడ్ పెట్టగానే మిస్సింగ్ కొడుతోంది (మధ్యమధ్యలో మండడం తప్పుతోంది), మెకానిక్ మూత కూడా విప్పకుండా స్పార్క్ పుట్టించే కాయిల్ పోయిందనేశాడు. అంతే కదా? కాయిల్ అసలు పోదని నేననను గానీ, ఈ 2, 3 కేవీఏ పెట్రోల్ సెట్లలో ఆఖరున అనుమానించాల్సింది దాన్నే. జర ఓపిక పట్టి ఇది చదువు, తర్వాత కొందువుగాని.

ముందు జబ్బు స్పార్క్‌దా, పెట్రోల్‌దా తేల్చుకో. సగం సంగతి చెవితోనే తెలిసిపోతుంది. ఇంజిన్ ఒకే లయలో పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే అది హంటింగ్, ఎక్కువసార్లు కార్బొరేటర్ జెట్‌లో (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రంలో) చెత్త ఉంటుంది. చోక్ (గాలి తగ్గించే మీట) సగం లాగగానే సర్దుకుందంటే ఇక స్పార్క్ జోలికి పోకు. అలా కాకుండా శుభ్రంగా నడుస్తూ ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పి, సైలెన్సర్‌లో ఫట్‌మని పేలి, మళ్లీ అందుకుంటే అప్పుడు స్పార్క్‌ని పట్టుకో. సిలిండర్‌లో మండకుండా బయటికొచ్చిన పెట్రోల్ వేడి సైలెన్సర్‌లో అంటుకోవడం వల్లే ఆ చప్పుడు. 50 హెర్ట్జ్ రావాలంటే నీ సెట్ 3000 ఆర్పీఎం తిరగాలి, అంటే సెకనుకి 25 సార్లు మండాలి. అందులో నాలుగైదు తప్పినా బల్బులు రెపరెపలాడతాయి. అందుకే పరీక్ష చేసేటప్పుడు సౌండ్ సిస్టం, టీవీ తగిలించకు. ఇస్త్రీ పెట్టె, రెండు హాలోజన్ లైట్లు చాలు.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అది తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉండిపోతే నీళ్లు విడిపోయి అడుక్కి చేరతాయి. అప్పుడొచ్చే మిస్సింగ్ అచ్చం స్పార్క్ జబ్బులాగే ఉంటుంది. కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టు. రెండు పొరలు కనబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే.

ఇక స్పార్క్ ప్లగ్. చల్లారాక ప్లగ్ పానాతో విప్పి ముక్కు చూడు. లేత గోధుమరంగులో ఉంటే బాగున్నట్టే. పొడి మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, చోక్ పూర్తిగా తెరుచుకోవట్లేదేమో చూడు. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకెక్కుతోంది. పెట్రోల్ వాసనతో తడిగా ఉంటే స్పార్క్ రావట్లేదనుకో. ముక్కుతో ఆగిపోకు, తెల్ల పింగాణీ మీద పై నుంచి కిందికి సన్నటి నల్లగీత ఉందేమో కూడా చూడు. ఉంటే కరెంటు ఆ దారినే బాడీకి దిగిపోతోందన్నమాట. తుడిచి మళ్లీ వాడొద్దు, ప్లగ్ పడేయ్.

ప్లగ్ కొసల మధ్య గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్‌తోనే (సన్న రేకుల కొలబద్ద) కొలువు. అరిగి 1 దాటితే ఖాళీగా బాగానే తిరుగుతుంది, లోడ్ పడగానే తప్పుతుంది. ఎందుకంటే లోడ్‌లో థ్రాటిల్ తెరుచుకుని సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో అదే గ్యాప్ దూకాలంటే చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. బయట గాలిలో స్పార్క్ కనబడగానే ప్లగ్ మంచిదే అనేయడం ఇందుకే తప్పు. ఒక పాత ప్లగ్ తీసుకుని పక్క కొక్కేన్ని 5, 6 మిల్లీమీటర్ల దూరానికి వంచు. దాన్ని ప్లగ్ వైర్ క్యాప్‌లో పెట్టి, ఇంజిన్ బాడీకి గట్టిగా ఆనించి తాడు లాగు. అంత దూరం కూడా నీలంగా, చిటుక్కుమంటూ దూకితే కాయిల్‌లో సత్తువ ఉన్నట్టే. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, కాబట్టి పెట్రోల్ కాక్ కట్టేసి, రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టి, స్పార్క్‌ని దానికి దూరంగా పెట్టు. ప్లగ్‌ని చేత్తో పట్టుకోకు. ఇంజిన్ నడుస్తుండగా క్యాప్ లాగడం అసలే వద్దు. నీకు షాక్ కొట్టడం అటుంచి, కరెంటుకి దారి లేక కాయిల్ లోపలి ఇన్సులేషన్ చిట్లుతుంది.

క్యాప్‌ని ఎవరూ పట్టించుకోరు. చాలా క్యాపుల్లో సుమారు 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. తిప్పి ఊడదీసి మల్టీమీటర్ పెట్టు, అసలు రీడింగే రాకపోతే అదే దొంగ. వైర్ కొస పచ్చగా తుప్పు పట్టి ఉంటే అర సెంటీమీటర్ కోసి మళ్లీ తిప్పి బిగించు. వానాకాలం పగలు బాగుండి రాత్రి మిస్సవుతోందంటే, చీకట్లో నడిపి క్యాప్ చుట్టూ కొంచెం నీటి తుంపర కొట్టి చూడు. కరెంటు బయటికి కారుతుంటే నీలం మెరుపులు పాకుతూ కనిపిస్తాయి.

ఇవన్నీ బాగున్నా మిస్సవుతుంటే, కాయిల్‌ని అనుమానించే ముందు దాని నుంచి స్విచ్‌కి దిగే సన్న వైర్‌ని, అంటే కిల్ వైర్‌ని చూడు. ఈ ఇంజిన్లలో స్విచ్ ఆఫ్ చేయడమంటే కాయిల్‌ని బాడీకి కలిపేయడమే. ఆ వైర్ పొర ఎక్కడో రేకు అంచుకి రాసుకుని ఊడిపోయిందనుకో, వణికినప్పుడల్లా బాడీకి తగిలి స్పార్క్ చస్తుంది. లోడ్ పెరిగితే వణుకూ పెరుగుతుంది, అందుకే లోడ్‌లోనే కొడుతుంది. ఆయిల్ సెన్సర్‌దీ అదే పని. ఆయిల్ తగ్గినా, సెట్ ఎగుడుదిగుడు నేల మీద వాలి ఉన్నా అది స్పార్క్‌ని ఆపేస్తుంది. నువ్వు సెట్ పెట్టేది గల్లీల్లో, మండపాల పక్కన కదా, ముందు సమంగా పెట్టి ఆయిల్ పోసే రంధ్రం అంచుదాకా ఉందో లేదో చూసుకో. 160 సీసీ ఇంజిన్‌కి దాదాపు 600 మిల్లీలీటర్లు పడుతుంది. ఆయిల్ సరిగ్గా ఉందని తేలాక సెన్సర్ వైర్ కనెక్టర్ విప్పి రెండు నిమిషాలు నడుపు, చాలా సెట్లలో అది పసుపు రంగులో ఉంటుంది. మిస్సింగ్ పోతే సెన్సర్ మార్చు. పోకపోతే స్విచ్ వైర్ కూడా విప్పి చూడు. అప్పుడు స్విచ్‌తో ఇంజిన్ ఆగదు సుమా, చోక్ పూర్తిగా మూసి ఆపాలి. పరీక్ష అయ్యాక రెండూ మళ్లీ తగిలించు. సెన్సర్ విప్పేసి అలాగే వదిలేసేవాళ్లున్నారు, ఆయిల్ లేక ఇంజిన్ పట్టేస్తే అప్పుడు ఏడుస్తారు.

ఇప్పుడు కాయిల్ వంతు. ఫ్లైవీల్ మ్యాగ్నెట్‌కీ కాయిల్ కాళ్లకీ మధ్య దూరం 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. తుప్పుంటే ఎమ్రీ పేపర్‌తో మెల్లగా రుద్దు. ఫీలర్ గేజ్ మధ్యలో పెట్టి, మ్యాగ్నెట్ కాయిల్‌ని లాక్కున్నాక రెండు బోల్టులూ బిగించు. రెండు కాళ్ల దగ్గరా అదే దూరం రావాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, అరగంటకి చచ్చి, చల్లారాక మళ్లీ లేస్తే కాయిల్ వేడికి తెగుతోందన్న అనుమానం సరైనదే. అయితే ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా సరిగ్గా ఇలాగే ఆగుతుంది. ఆగిన క్షణమే మూత తిప్పు. గాలి సర్రున లోపలికి పీల్చి, కాసేపటికి ఇంజిన్ స్టార్టయితే కాయిల్ తప్పేం లేదు. మూత తీసినా లేవకపోతే, ఆ వేడిలోనే, కిల్ వైర్ విప్పి పాత ప్లగ్ పరీక్ష చేయి. అప్పుడు స్పార్క్ లేకపోతే కాయిల్ కొను. చల్లారాక మల్టీమీటర్ మంచి రీడింగ్ చూపించినా నమ్మకు.

తాడు వెనక్కి తంతుంటే మాత్రం ఫ్లైవీల్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే చిన్న కీ జరిగి స్పార్క్ టైమింగ్ మారిందేమో విప్పి చూడాలి. వేడెక్కాక కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుడు బలం) తగ్గుతుంటే వాల్వుల గ్యాప్ చూడు: 160 సీసీ హోండా రకానికి చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు.

స్పేర్ పార్టులకి రాణిగంజ్ పోతే పాత ప్లగ్, పాత కాయిల్ రెండూ వెంట తీసుకెళ్లు. ఇంజిన్ పేరు చెబితే దగ్గర దగ్గరగా ఉండేదేదో ఇచ్చేస్తారు, బోల్టు రంధ్రాల దూరం, ప్లగ్ మర పొడుగు పక్కపక్కన పెట్టి చూసుకో. వానొస్తుందని సెట్‌ని టెంట్‌లోకి మాత్రం జరపకు, ఆ పొగకి ప్రాణాలు పోతాయి. మీద రేకు అడ్డం పెట్టు, నాలుగు వైపులా గాలి ఆడనీ.

ముందు ఆ సన్న వైర్ విప్పి చూసి, ఏమైందో సాయంత్రం ఫోన్ చెయ్.

నీ
మూర్తి