మంత్రి గారికి, మీ పాత బిల్ కలెక్టర్ రాసేది

మంత్రి గారికి నమస్కారం.

మీరు సర్పంచ్‌గా ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని ‘అన్నా’ అని పిలిచినవాణ్ణి. మొన్న ఊరికి వచ్చినప్పుడు నోరు జారి మళ్లీ అలాగే పిలిస్తే, మీ పక్కనున్న పీఏ నా వైపు ఒక చూపు చూశాడు. అందుకని మంత్రి గారూ అనే రాస్తున్నాను. చేతికిచ్చిన అర్జీలు రెండూ ఏ ఫైల్లో పడుకున్నాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సర్పంచ్, జడ్పీటీసీ, ఎమ్మెల్యే, ఇప్పుడు మంత్రి. అనంతపురం జిల్లాలో ఒక మూలనున్న పల్లె నుంచి ఇంత దూరం వెళ్లడం తేలిక కాదు. మీరు ఎక్కిన మొదటి నిచ్చెన మాత్రం నేను కళ్లారా చూశాను. ఆ ఏడు చెనక్కాయ పోయింది, సగం ఊరు బెంగళూరు పోయింది. ఉన్నవాళ్లకన్నా నీళ్లిద్దామంటే బోరు మోటారు కాలిపోయింది. వైండింగ్‌కి పంపిన మోటారు మూడు రోజులైనా రాలేదు. మీరు చెప్పులు కింద విడిచి, లుంగీ ఎగగట్టి ఓవర్‌హెడ్ ట్యాంకు నిచ్చెన ఎక్కారు. లోపలికి తొంగి చూసి, ‘రెండడుగులుంది, ముందు ఎస్సీ కాలనీకి వదలండి’ అని పైనుంచి అరిచారు. ఆ కాలనీ పైపు చివర్లో ఉంటుంది, నీళ్లు ఎప్పుడూ అక్కడికి ఆఖరుకే చేరేవి. కింద బిందెల దగ్గర గొణుగుడు మొదలైంది. మీరు కిందికి దిగి వచ్చేదాకా ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు.

మోటారు బిల్లు సంగతి కూడా గుర్తుండే ఉంటుంది. నేను ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసిన పన్ను పంచాయతీ ఖాతాలో ఉంది. కానీ ట్రెజరీలో ఫ్రీజింగ్, అంటే బిల్లులకు డబ్బు ఇవ్వకుండా పైనుంచి ఆపేశారు. నాలుగుసార్లు తిరిగాం. నాలుగోసారి అక్కడి బెంచీ మీద కూర్చుని, ‘మన డబ్బు కోసం మనమే అడుక్కోవాల్సి వచ్చిందే’ అన్నారు. చివరికి మెకానిక్‌కి మీ జేబులోంచే ఇచ్చారు. ఆ డబ్బు మీకు తిరిగి వచ్చిందో లేదో నేను అడగలేదు.

ఈ పంచాయతీరాజ్ మన రాష్ట్రానికి 1959 నవంబరు 1న వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరో మీకు చెప్పక్కర్లేదు, మన ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి గారే. ఆ తర్వాత 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో తాగునీరు ఒకటని రాశారు. పదిహేనో ఆర్థిక సంఘమైతే తానిచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలంది. కాగితం మీద ఏ లోటూ లేదు. ఆ డబ్బునే కరెంటు బకాయిల కింద సర్దేసినప్పుడు సర్పంచులు రోడ్డెక్కారు. అప్పుడు వాళ్ల పక్కన మీరు కనిపిస్తారని చూశాను.

ఇప్పుడు మన సర్పంచ్ ఒక అమ్మాయి. డిగ్రీ చదివింది, లెక్కలు నాకంటే బాగా చూస్తుంది. నెలకు 3,000 గౌరవ వేతనం, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. ట్యాంకు నిచ్చెన మెట్లు మూడు విరిగాయి, బాగు చేయిద్దామని ఎస్టిమేట్ రాయించింది. మంత్రి గారి లెటర్ ఉంటే తొందరగా కదులుతుందని ఎవరో చెవిన వేశారు. లెటర్ కోసం మీ క్యాంపు ఆఫీసు ముందు రెండు పూటలు నిలబడి వచ్చింది. మూడు ఇనుప మెట్లకు మంత్రి సంతకమా? మీరు ట్యాంకెక్కిన రోజు ఎవరి లెటర్ తెచ్చుకున్నారు?

మీరు ఏమీ చేయలేదని నేననను. రోడ్డు మీ వల్లే పడింది, ఆంబులెన్స్ ఇంటి ముందుకొస్తోంది. కానీ అది మీరు ఇస్తే వచ్చిన రోడ్డు. మీరు దయ తలిస్తే వచ్చేది వేరు, పంచాయతీ తన డబ్బుతో తాను చేసుకునేది వేరు. ఈ తేడా మాకు నేర్పిందే మీరు.

మీది ఆ శాఖ కాదని తెలుసు. అయినా కేబినెట్‌లో కూర్చునే వాళ్లలో ట్రెజరీ బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు? పంచాయతీ డబ్బుకు ఫ్రీజింగ్ వద్దని, చిన్న రిపేరుకు ఎవరి లెటరూ అడగొద్దని అక్కడ ఒక్కసారి గట్టిగా అడగండి. మా ఊరికంటూ వేరే ఏమీ అక్కర్లేదు.

మీ పుట్టినరోజు ఫ్లెక్సీ తెచ్చి ఆ నిచ్చెనకే కట్టారు. విరిగిన మెట్లు దాని వెనకాలే ఉన్నాయి. క్లోరిన్ వేయడానికి ఎక్కే వాటర్‌మన్ ముందు ఫ్లెక్సీని పక్కకి జరిపి, తర్వాత తాడు పట్టుకుంటున్నాడు. వచ్చే వారం జిల్లాకు వస్తున్నారట. పది నిమిషాలు ట్యాంకు దగ్గర ఆగండి. సర్పంచ్‌ని నేను పిలుచుకొస్తాను, మిగతాది ఆమె మాట్లాడుతుంది.

ఇట్లు,
మీ పాత బిల్ కలెక్టర్